గౌడన్న పడితే గబుక్కున లేపొద్దు!

గీత కార్మిక అన్నలారా, అక్కలారా, తాటివనం చుట్టుపక్కల రైతులారా!

వానకు తాటిచెట్టు జారుతుంది. అరిగిన మోకు తెగుతుంది. ఎండుమట్ట పట్టుకుంటే ఊడి చేతికొస్తుంది. గౌడన్న కింద పడతాడు. అప్పుడు మనం చేస్తున్నదేంటి? ఒకరు చంకల్లో చేతులేస్తారు, ఇంకొకరు కాళ్లు పడతారు, నడుము కిందికి వేలాడుతుండగానే తీసుకెళ్లి ఆటోలో కూర్చోబెడతాం. ప్రేమతోనే చేస్తాం, కాదనం. కానీ విరిగిన వెన్నుపూస కదిలి లోపలి వెన్నుపామును ఇంకింత నలిపే ప్రమాదం అప్పుడే ఉంది.

వెన్నుపాము చిటికెనవేలంత లావు, మూరెడు పొడవు. కాళ్లకు, చేతులకు, మూత్రాశయానికి మెదడు ఆజ్ఞలు పోయేది దాని గుండానే. నలిగితే ఎముకలాగా అతకదు. మెడ దగ్గర దెబ్బయితే కాళ్లూ చేతులూ పడిపోవచ్చు, ఊపిరి తీసుకోవడమూ కష్టం కావచ్చు. వీపులో, నడుములో అయితే చేతులు ఆడతాయి, కాళ్లు ఆడవు, ఒంటికీ రెంటికీ పట్టు ఉండదు. పడ్డప్పుడు జరిగిన నష్టాన్ని మనం పూడ్చలేం. ఆ తర్వాతిది మాత్రం మన చేతుల్లోనే ఉంది.

పడ్డచోటే పడుకోబెట్టి ఉంచండి. 108కి ఫోన్ చేయండి. ఒకరు తలాపున కూర్చుని, తల అటూ ఇటూ తిరక్కుండా రెండు చేతులతో పట్టుకోవాలి. కాలివేళ్లు కదపమని అడగండి. కదలకున్నా, తిమ్మిరన్నా, స్పర్శ తెలియడం లేదన్నా ఆ మాట అంబులెన్సు సిబ్బందికి చెప్పండి. వాంతి చేసుకుంటే తల, మెడ, నడుము ఒకే వరసలో ఉంచి నలుగురూ ఒక్కసారే పక్కకు దొర్లించాలి. బండి రాని దారయితే వెడల్పాటి చెక్క మీద, కదలకుండా కట్టి మోయండి. నీళ్లు పోయొద్దు. నాటుకట్టు, మాలిష్ అసలే వద్దు!

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక అసలు కష్టం మొదలు. స్పర్శ లేని ఒంటికి పుండు పడుతున్నా తెలియదు. మంచంలో ఉన్నవారిని రెండు గంటలకోసారి, రాత్రి కూడా, పక్కకు తిప్పాలి. పిరుదులు, మడమలు రోజూ చూడాలి. ఎర్రబడితే ఆ వైపు ఒత్తిడి పడనీయొద్దు. కాళ్లకు వేడి కాపడం పెట్టొద్దు, కాలినా తెలియదు. డాక్టర్ చెప్పిన వేళకు గొట్టంతో మూత్రం తీయకపోతే కిడ్నీలకే ఎసరు. ఈ చాకిరీ అంతా వదిన ఒక్కతే చేస్తుంటే మనం పలకరించి పోవడమేనా? వంతులేసుకుందాం. వీల్‌చైర్ ఎక్కిన మనిషి మళ్లీ దుకాణం నడపొచ్చు, పిల్లలకు చదువు చెప్పొచ్చు, గడప దగ్గర కాస్త వాలు కట్టించండి చాలు.

ఇక అసలు పడకుండా ఉండే సంగతి. చెట్టెక్కే గీత కార్మికులకు 2024 జులై నుంచి తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం కిట్లు ఇస్తోంది. వచ్చిన కిట్టును అటక మీద పెట్టి మోకు, ముత్తాదుతోనే ఎక్కే అన్నలకు ఒక్క మాట: మీ నైపుణ్యం గురించి మాకు అనుమానం లేదు, తడిసిన చెట్టు మీదే అనుమానం. రానివారు సొసైటీ ద్వారా గట్టిగా అడగండి. లైసెన్సు రెన్యువల్ ఆపొద్దు. శాశ్వత వైకల్యానికి ఎక్స్‌గ్రేషియా అడగాలంటే ఆ కాగితమే కావాలి.

ఈ ఆదివారం పొద్దున తాళ్లు దిగినంక అందరం మండువ కాడ కలుద్దాం. నలుగురు కలిసి మనిషిని చెక్క మీదికి ఎలా దొర్లించాలో చేసి చూద్దాం. ఇంట్లో పనికిరాని తలుపు చెక్క ఉంటే పట్టుకురండి, మండువలోనే ఉంచుదాం. ఆటో నడిపే తమ్ముళ్లు తప్పక రావాలి!