చెత్త పన్ను పోయింది, ఖర్చు పోలేదు

2021 అక్టోబర్ 2న విజయవాడలో అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి ‘క్లాప్’ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమాన్ని ప్రారంభించారు. ఊరూరా చెత్త ఆటోలు, ఇంటింటికీ మూడు రంగుల బుట్టలు, వాటితో పాటే నెలనెలా యూజర్ ఛార్జీ వచ్చాయి. జనం దాన్ని చెత్త పన్ను అన్నారు. సరిగ్గా మూడేళ్లకు, 2024 అక్టోబర్ 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఆ పన్ను రద్దు చేస్తున్నామని ప్రకటించారు. రెండూ గాంధీ జయంతి నాడే జరిగాయి. వేసిందీ తీసిందీ రాష్ట్ర ప్రభుత్వమే. ఊరి చెత్త మీద ఊరి కౌన్సిల్ మాట ఈ రెండు సందర్భాల్లోనూ చెల్లలేదు.

వేసేటప్పుడు కౌన్సిళ్లలో తీర్మానాలు జరిగిన మాట నిజమే. కానీ ఎవరి దగ్గర ఎంత వసూలు చేయాలో, ఎప్పటి నుంచి చేయాలో పైనే ఖరారయ్యాక, సభ్యులకు చేయెత్తడమే మిగిలింది. విజయవాడ లాంటి నగరంలో మురికివాడ ఇంటికి నెలకు 60 రూపాయలు, మిగతా ఇళ్లకు 120. మా వీధి చెత్త ఎత్తడానికి నిజంగా ఎంత అవుతుంది, అందులో మా వాటా ఎంత అని అడిగిన ఇల్లాలికి ఎవరూ లెక్క చూపలేదు. వసూలు లక్ష్యాలు మాత్రం వార్డు సచివాలయాల నెత్తిన పడ్డాయి. 2022లో కర్నూలులో పన్ను కట్టలేదని దుకాణాల ముందే చెత్త పోయించేదాకా వెళ్లింది వ్యవహారం. పౌరుణ్ణి అవమానించి రాబట్టిన రూపాయి ఏ ఊరినీ బాగుచేయదు. అందుకే ఆ పన్ను పోయినందుకు నాకు విచారం లేదు. నా బాధల్లా అది పోయిన తీరు గురించే.

పన్ను రద్దయింది గానీ చెత్త ఎత్తే పని రద్దు కాలేదు. తెల్లవారకముందే వీధుల్లోకి వచ్చే కార్మికుల జీతం, ఆటోల నిర్వహణ, డంపింగ్ యార్డులో పేరుకున్న కుప్పల తొలగింపు, ఇవన్నీ ప్రతి నెలా చెల్లించాల్సినవే. ఇంటి పన్ను, కుళాయి పన్ను, రాష్ట్రం ఇచ్చే నిధులు, ఆర్థిక సంఘం గ్రాంట్లు కలిస్తేనే మున్సిపాలిటీ నడుస్తుంది. అందులో ఒక పాయ మూసేస్తే మరో పాయ నుంచి తేవాలి. ఎక్కడి నుంచి తెస్తారో పన్ను తీసేసే రోజునే, తీసేసే నోటితోనే చెప్పాలి.

చెప్పకపోతే ఏమవుతుంది? లోటు భారం అందరికంటే కింద ఉన్నవాడి మీద పడుతుంది. 2023 డిసెంబర్ చివరి వారంలో ఆంధ్రప్రదేశ్ మున్సిపల్ కార్మికులు సమ్మెకు దిగారు. రెండు వారాలకు పైగా పట్టణాల్లో చెత్త వీధుల్లోనే ఉండిపోయింది. హెల్త్ అలవెన్సుతో కలిపి నెలకు 21 వేల రూపాయలు ఇస్తామని ప్రభుత్వం ఒప్పుకున్నాకే సంక్రాంతి ముందు వాళ్లు పనిలోకి వచ్చారు. గమనించండి, అప్పటికి చెత్త పన్ను అమల్లోనే ఉంది. పన్ను ఉన్నప్పుడూ ఆ డబ్బు కార్మికుల జీతానికి భరోసా కాలేదంటే, ఆ వసూళ్లకూ ఆ సేవకూ లంకె వేసే లెక్క ఎవరూ రాయలేదన్నమాట.

ఈ లెక్క లేనితనం మూలాలు ఇంకా పైకి పోతాయి. 2020లో కోవిడ్ వేళ రాష్ట్రాలు అదనంగా అప్పు తెచ్చుకోవడానికి కేంద్రం అనుమతిస్తూ కొన్ని షరతులు పెట్టింది. అందులో ఒకటి పట్టణాలది. ఆస్తి పన్నుకు భూముల ప్రభుత్వ విలువలతో పొంతన ఉండే కనీస రేట్లు, తాగునీటికీ మురుగునీటికీ కనీస ఛార్జీలు ప్రకటించాలి. చేసిన రాష్ట్రానికి స్థూల ఉత్పత్తిలో 0.25 శాతం మేర అదనపు అప్పు. ఆంధ్రప్రదేశ్ చట్టం సవరించింది. 2021-22 నుంచి అద్దె విలువ పక్కకు పోయి, ఆస్తి మూలధన విలువ మీద ఇంటి పన్ను వచ్చింది. ఏడాదికి 15 శాతానికి మించి పెరగదన్న పరిమితి ఒక్కటే ఊరట. అప్పు తెచ్చుకున్నది రాష్ట్రం, షరతు పెట్టింది ఢిల్లీ, పెరిగిన పన్ను కట్టింది గుంటూరు, కడప, శ్రీకాకుళం వీధుల్లోని ఇంటి యజమాని. ఈ గొలుసులో కౌన్సిలర్ ఎక్కడున్నాడు?

తెలంగాణలోనూ ఇదే వరస. 2020 జీహెచ్ఎంసీ ఎన్నికల ప్రచారంలో ఇంటికి నెలకు 20 వేల లీటర్ల నీరు ఉచితమని అప్పటి అధికార పార్టీ హామీ ఇచ్చింది. 2021 జనవరిలో అమలు మొదలుపెట్టారు. బస్తీలో ఉండే కుటుంబానికి అది నిజమైన ఊరట, కాదనను. కానీ హైదరాబాద్‌లో నీళ్లిచ్చేది జీహెచ్ఎంసీ కాదు, 1989 చట్టంతో ఏర్పడిన జలమండలి. దానికి అధ్యక్షుడు ముఖ్యమంత్రి. అంటే నగర పాలక సంస్థకు జరిగిన ఎన్నికల్లో ఓటరు ముందు పెట్టిన వరం, ఆ పాలక సంస్థ చేతిలో లేనిది. రేపు కుళాయి రాకపోయినా, మురుగునీరు కలిసినా కార్పొరేటర్ తలుపు తట్టినవారికి దొరికేది సిఫారసు ఫోన్ కాల్ మాత్రమే.

1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ ఉద్దేశం ఇది కాదు. తాగునీరు, పారిశుద్ధ్యం, చెత్త నిర్వహణ, వీధి దీపాలు, శ్మశానాలు సహా 18 అంశాలను 12వ షెడ్యూల్లో చేర్చింది, ఇవి పట్టణ సంస్థల పనులు కావాలనే. మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలంది. మీ వార్డు కమిటీ సమావేశం ఎప్పుడు జరిగిందో మీకు తెలుసా? ఎన్నికలు గడువు దాటి ప్రత్యేకాధికారుల పాలనలో పట్టణాలు గడిపిన కాలం రెండు రాష్ట్రాల్లోనూ తక్కువేమీ కాదు. అడిగే సభే లేనప్పుడు లెక్క ఎవరికి చెబుతారు?

ఊరికి పగ్గాలిస్తే ఏం చేయగలదో సూర్యాపేట చూపించింది. 2000 దశకం తొలినాళ్లలో, అక్కడి కమిషనర్ ఎస్.ఎ. ఖాదర్ హయాంలో, ఇంటింటి నుంచి తడి చెత్త, పొడి చెత్త విడిగా తీసుకునే పద్ధతి పెట్టి, వీధి కుండీల అవసరమే లేకుండా చేశారు. తడి చెత్త వానపాముల ఎరువైంది, పొడి చెత్త అమ్ముడుపోయింది. లక్ష మంది ఉన్న పట్టణం తన చెత్తను తానే చూసుకోగలదని దేశమంతా వచ్చి చూసి వెళ్లింది. ఆ పని ఏ ముఖ్యమంత్రి జెండా ఊపితేనో మొదలైంది కాదు.

చెత్త పుట్టించేవారు స్థానిక సంస్థ నిర్ణయించిన రుసుము కట్టాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు చెప్పాయి. ఆ రుసుము వద్దనుకుంటే దాని బదులు నిధులు చూపాలి. వసూలు చేయాలనుకుంటే పద్ధతి ఒక్కటే. మున్సిపాలిటీ వార్డువారీగా పారిశుద్ధ్య ఖర్చు తెలుగులో రాసి, వార్డు కార్యాలయం గోడకు అంటించాలి. జీతాలెంత, వాహనాలకెంత, కాంట్రాక్టరుకెంత, యార్డుకెంత అన్నది అందులో ఉండాలి. వార్డులో చర్చ జరిగాకే కౌన్సిల్ రేటు నిర్ణయించాలి. కూలి మీద బతికే ఇంటికి పూర్తి మినహాయింపు ఉండాలి. బుట్టలకొద్దీ చెత్త పోసే హోటళ్లు, కల్యాణ మండపాలు, ఆస్పత్రులు దానికి తగ్గట్టు కట్టాలి. వచ్చిన డబ్బు విడి ఖాతాలో ఉండాలి, అందులోంచి మొదట కదలాల్సింది కార్మికుల జీతం. ఆటో వరుసగా వారం రాకపోతే ఆ నెల రుసుము అడిగే హక్కు మున్సిపాలిటీకి ఉండకూడదు.

తెలుగు పట్టణవాసి పన్ను ఎగ్గొట్టేవాడు కాదు. అపార్టుమెంట్లలో నెలకు వేలల్లో మెయింటెనెన్స్ గొణగకుండా కడుతున్నాడు. లిఫ్టుకెంత, వాచ్‌మన్‌కెంత అని సంఘం కాగితం మీద చూపిస్తుంది కాబట్టి, నచ్చకపోతే మీటింగులో నిలదీయగలడు కాబట్టి కడుతున్నాడు. ఆ రెండు హక్కులూ ఊరి విషయంలోనూ మనకు కావాలి. పన్ను వేయడానికి వచ్చినవారిని లెక్క అడగడం మనకు తెలుసు. తీసేస్తామని వచ్చినవారిని కూడా, చప్పట్లు కొట్టే ముందు, అదే లెక్క అడుగుదాం.