డేటా నిల్వ ద్వారానికి తాళమేదీ?

నల్గొండ/మహబూబ్‌నగర్: ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలకు కరెంటు సరఫరా చేసే దక్షిణ తెలంగాణ విద్యుత్తు పంపిణీ సంస్థ వెబ్‌సైటు 2019 ఏప్రిల్ నెలాఖరున స్తంభించింది. ఉభయ తెలుగు రాష్ట్రాల పంపిణీ సంస్థల కంప్యూటర్ వ్యవస్థలపై ర్యాన్సమ్‌వేర్ దాడి జరగడమే ఇందుకు కారణం. ఆన్‌లైన్‌లో బిల్లులు చెల్లించే వీలు లేక వినియోగదారులు ఇబ్బంది పడ్డారు. సమాచారానికి నకలు భద్రంగా ఉండటంతో సేవలను పునరుద్ధరించగలిగారు. నకలు లేని చిన్న సంస్థకు ఇదే గతి పడితే దిక్కేమిటన్నది ఆ ఘటన మిగిల్చిన ప్రశ్న. ఇటువంటి దాడులు వ్యాపించే మార్గాల్లో ముఖ్యమైనది ఫైళ్ల నిల్వకు వాడే నెట్‌వర్క్ పోర్టు.

లోపల అవసరం.. బయట అనర్థం

కంప్యూటర్‌లో ఒక్కో సేవకు ఒక్కో సంఖ్య గల ద్వారం ఉంటుంది. అదే పోర్టు. విండోస్ కంప్యూటర్లు 445 పోర్టు ద్వారా ఫైళ్లు పంచుకుంటాయి. లినక్స్ సర్వర్లలో ఎక్కువగా వాడే ఎన్ఎఫ్ఎస్‌కు 2049, నిల్వ పరికరాలను సర్వర్లకు జోడించే ఐ-స్కజీకి 3260 కేటాయించారు. మిర్యాలగూడ రైస్‌మిల్లు లెక్కలైనా, మహబూబ్‌నగర్ ఆసుపత్రి స్కానింగ్ చిత్రాలైనా ఒకేచోట భద్రపరచాలంటే ఇవి అవసరమే. ఇవి ఇంటర్నెట్ వైపూ తెరుచుకుంటేనే ముప్పు.

2017 మే 12న విజృంభించిన వన్నాక్రై ఈ 445 పోర్టు గుండానే సుమారు 150 దేశాలకు పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. లోపాన్ని సరిదిద్దే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది మార్చి 14నే విడుదల చేసినా, దానిని వేసుకోని యంత్రాలు మూల్యం చెల్లించాయి. 2019లో ప్రపంచవ్యాప్తంగా 13 వేలకు పైగా ఐ-స్కజీ నిల్వ వ్యవస్థలు పాస్‌వర్డ్ లేకుండా ఇంటర్నెట్‌లో బయటపడ్డాయి. అక్కడ తాళం పగలగొట్టాల్సిన పనే లేదు.

తనిఖీ ఇలా..

మొదట సర్వర్‌పై నెట్‌స్టాట్ ఆదేశంతో ఏయే పోర్టులు తెరిచి ఉన్నాయో చూడాలి. అంతటితో సరిపోదు. కార్యాలయం వెలుపలి ఇంటర్నెట్ కనెక్షన్ నుంచి, తమ సొంత చిరునామాపై మాత్రమే, ఎన్‌మ్యాప్ వంటి సాధనంతో పరీక్షించాలి. ఈ పోర్టులు బయటికి కనిపిస్తే రూటర్‌లోని పోర్టు ఫార్వర్డింగ్‌ను వెంటనే తొలగించాలి. అవసరమైన కంప్యూటర్లను మాత్రమే ఫైర్‌వాల్‌లో అనుమతించాలి. దూరం నుంచి పనిచేసేవారికి వీపీఎన్ మార్గమే శ్రేయస్కరం. పాత ఎస్ఎంబీ-1ను నిలిపివేయాలి. ఐ-స్కజీకి చాప్ పాస్‌వర్డ్ పెట్టినా, అది ప్రవేశాన్ని అడ్డుకుంటుందే తప్ప ప్రయాణించే సమాచారాన్ని గుప్తీకరించదు. అందుకే నిల్వ రాకపోకలకు ప్రత్యేక నెట్‌వర్క్ ఉండాలి.

నకలే చివరి రక్ష

నకలును అదే నెట్‌వర్క్‌కు ఎల్లవేళలా కలిపి ఉంచితే అసలుతోపాటు అదీ పోతుంది. కనీసం ఒక ప్రతి విడిగా ఉండాలి; అది తిరిగి తెరుచుకుంటున్నదో లేదో అప్పుడప్పుడు సరిచూడాలి. దాడి జరిగితే ఆరు గంటల్లోగా తెలియజేయాలని కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో సంస్థలను ఆదేశించింది.

పోర్టు తనిఖీకి పట్టేది కొద్ది సమయమే. ఆ కాస్త శ్రద్ధ చూపకపోతే, దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగిన చందమే అవుతుంది.