క్షయ టీకా: తొందర ఎక్కడ, ఓపిక ఎక్కడ

స్పెయిన్‌లోని జరగోజా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త కార్లోస్ మార్టిన్ దశాబ్దాల శ్రమతో రూపొందించిన క్షయ టీకా ఎంటీబీవ్యాక్‌ను హైదరాబాద్‌కు చెందిన భారత్ బయోటెక్ 2024 నుంచి మన దేశంలో పెద్దవారిపై పరీక్షిస్తోంది. ఇప్పుడు వాడుకలో ఉన్న బీసీజీ టీకాకు మూలం పశువుల క్షయ క్రిమి; మార్టిన్ బృందం మనిషికి సోకే క్రిమినే తీసుకుని, దాని తీవ్రతకు కారణమైన రెండు జన్యువులను తొలగించింది. ఆలోచన బలమైనదే. కానీ, బీసీజీ పెద్దలను ఊపిరితిత్తుల క్షయ నుంచి కాపాడటం లేదని తేల్చడానికి 1968లో చెంగల్పట్టులో మొదలైన పరీక్షకు దశాబ్దానికి పైగా పట్టిందన్నది మరవరాదు. టీకా వేసుకున్న మనిషికి రక్షణ కలిగిందో లేదో నికరంగా చెప్పే రక్తపరీక్ష నేటికీ లేదు. కనుక రోగనిరోధక స్పందన కనిపించిందన్న మాట మీదే అనుమతి ఇవ్వడం తగదు. జబ్బును ఆపిందా లేదా అన్నదే గీటురాయి కావాలి, అందుకు ఎన్నేళ్లు పట్టినా సరే. ప్రతికూలమైనా సరే ఫలితాలన్నీ ప్రచురించాలి. తొందరపడాల్సింది ధర దగ్గర. ప్రపంచ క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మనవారే, వారిలో అత్యధికులు నిరుపేదలు; అందుచేత కొనుగోలు హామీని, గరిష్ఠ ధరను కేంద్రం ఇప్పుడే ఖరారు చేయాలి. ఈలోగా రోగుల పోషకాహారానికి నెలకు ఇస్తామన్న వెయ్యి రూపాయలు సకాలంలో వారి ఖాతాల్లో పడేలా చూడాలి. దానికి ఏ పరీక్షా అక్కర్లేదు.