డబ్బు కట్టి తెరిచే బ్యాంకు ఖాతా మనకు గిట్టుబాటేనా?



పై వీడియోలో గానుగ నూనె ఖర్చు, రాబడి లెక్క చెబుతూ బ్యాంకు ఖర్చుల దగ్గర రెండు ముక్కలు మాట్లాడి ముందుకు వెళ్లిపోయాను. ఎక్కువ ఫోన్లు ఆ రెండు ముక్కల మీదే వచ్చాయి. "ఏడాదికి ఇంత కడితే ఖాతాతో పాటు బీమా, కార్డు, ఆసుపత్రి రాయితీ అన్నీ కలిపి ఇస్తామంటున్నారు, తీసుకోవచ్చా?" అని నరసరావుపేట నుంచి అడిగారు, మాచర్ల నుంచి అడిగారు. గురజాల దగ్గర కౌలు చేసే తమ్ముడు ఒకతను కూడా అడిగాడు. ఇలాంటి లెక్క చెవితో వింటే పట్టదు, కళ్లతో చూడాలి. అందుకే రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. కేవలం చేను మీద బతికే కుటుంబానికి ఇలాంటి ఖాతా చాలావరకు అక్కర్లేదు. రోజూ అమ్మకాలు ఉండి, నగదు జమ చేసేవాళ్లకు మాత్రం కొన్ని గిట్టుబాటు అవుతాయి. మీరు ఏ కోవలోకి వస్తారో ఇంట్లో కూర్చుని కాగితం మీద తేల్చుకోండి. కౌంటర్ దగ్గర వాళ్లు చెప్పే మాటల మీద తేల్చుకోవద్దు.

ఇది మనకు తెలిసిన లింకు లాంటిదే

ఎరువుల కొట్టులో 'లింకు' అంటే ఏందో పల్నాడు రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. యూరియా బస్తా కావాలంటే పక్కనున్న డబ్బా కూడా కొనాలంటారు. అలా అంటగట్టకూడదని ప్రభుత్వం చెబుతూనే ఉంటుంది, సీజన్ వచ్చేసరికి అది జరుగుతూనే ఉంటుంది. ప్రకృతి సేద్యంలోకి వచ్చాక ఆ కొట్టు మెట్లెక్కే పని మనకు తగ్గింది. బ్యాంకు ప్యాకేజీ ఖాతాను నేను మోసం అనను. ఇష్టమైతేనే తీసుకుంటాం, ఎవరూ బలవంతం చేయరు. కానీ చూడాల్సిన పద్ధతి మాత్రం ఒకటే. మూట విప్పాలి. లోపల ఏమున్నాయో చూడాలి. ఒక్కొక్కటీ విడిగా ఎంతకు దొరుకుతుందో లెక్కేయాలి. అందులో మనం వాడేవి ఎన్నో చూసుకోవాలి.

ఇలాంటి ఖాతాలు పట్నం వాళ్లకే కాదు, మన ఊరి దాకా వచ్చాయి. యాక్సిస్ బ్యాంకు 2023లో 'ఇన్ఫినిటీ' పేరుతో ఒక పొదుపు ఖాతా తెచ్చింది. నెలకు 150 లేదా ఏడాదికి 1,650 రూపాయలు కడితే కనీస నిల్వ ఉంచక్కర్లేదు, డెబిట్ కార్డుకు విడిగా డబ్బు కట్టక్కర్లేదు. పోస్టాఫీసులో నడిచే ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకులో 'ప్రీమియం' ఖాతా ఉంది. మొదటి ఏడాది 149, తర్వాత ఏటా 99 రూపాయలు, జీఎస్టీ అదనం. ఇక మూటను విప్పుదాం.

కనీస నిల్వ బాధ లేదన్న మాట

ప్యాకేజీ ఖాతా అమ్మేటప్పుడు మొదట చెప్పేది ఇదే. "నిల్వ తగ్గినా జరిమానా ఉండదండి" అంటారు. నిజమే, కానీ ఆ సౌకర్యం ఉచితంగానే దొరుకుతోంది కదా. స్టేట్ బ్యాంకు 2020 మార్చిలోనే పొదుపు ఖాతాలన్నిటికీ కనీస నిల్వ నిబంధన ఎత్తేసింది. కెనరా బ్యాంకు 2025 జూన్ నుంచి ఎత్తేసింది. 2014 ఆగస్టు 28న మొదలైన జన్‌ధన్ ఖాతాకు అసలు నిల్వే అక్కర్లేదు. జన్‌ధన్ కాకపోయినా రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ప్రతి బ్యాంకులో 'బేసిక్ సేవింగ్స్' ఖాతా ఉంటుంది. అడిగితే ఎవరికైనా ఇవ్వాలి. ఏటీఎం కార్డు ఉచితం. నెలకు కనీసం 4 సార్లు డబ్బు ఉచితంగా తీసుకోవచ్చు. ఒక్క షరతు ఏందంటే, అదే బ్యాంకులో ఇంకో పొదుపు ఖాతా ఉండకూడదు.

కొన్ని ప్రైవేటు బ్యాంకుల్లో మాత్రం నిల్వ భారం ఉన్నమాట వాస్తవం. 2025 ఆగస్టులో ఐసీఐసీఐ బ్యాంకు పెద్ద నగరాల్లో కొత్త ఖాతాలకు కనీస నిల్వ 50,000 అని ప్రకటించింది, జనం మండిపడేసరికి 15,000కు దించింది. అలాంటిచోట ఖాతా తప్పనిసరిగా కావాల్సినవాళ్లకు 1,650 కట్టడం నయమే కావచ్చు. మనకు అది తప్పనిసరా అన్నదే ప్రశ్న.

బీమా: 20 రూపాయల లెక్క

మూటలో బరువైనది ఇదే, కాబట్టి నింపాదిగా చదవండి. ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు. 18 నుంచి 70 ఏళ్ల వాళ్లు చేరొచ్చు. ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు, ఒక కన్ను గానీ ఒక చెయ్యి గానీ ఒక కాలు గానీ పూర్తిగా పోతే లక్ష. జీవన్‌జ్యోతి బీమాకు ఏడాదికి 436 రూపాయలు. 18 నుంచి 50 ఏళ్ల లోపు చేరాలి. ఏ కారణంతో మరణించినా 2 లక్షలు. చేరిన మొదటి 30 రోజుల్లో మాత్రం ప్రమాద మరణానికే వర్తిస్తుంది. ఈ రెండూ మీ దగ్గరున్న మామూలు ఖాతా నుంచే కట్టుకోవచ్చు.

ఉదాహరణకు ఒక ప్యాకేజీ ఖాతా ఏడాదికి 999 అనుకుందాం. బ్యాంకు రుసుముల మీద 18 శాతం జీఎస్టీ కలిపితే సుమారు 1,179 అవుతుంది. అదే డబ్బుతో భార్యాభర్తలిద్దరికీ ఈ రెండు బీమాలూ కడితే 912 రూపాయలు. ఇంకా 267 మిగులుతుంది, జీవామృతానికి బెల్లం ఖర్చు వెళ్లిపోతుంది. ప్యాకేజీలో సాధారణంగా ఖాతాదారు ఒక్కరికే బీమా ఉంటుంది. అది కూడా ఎక్కువగా ప్రమాద బీమాయే. గుండెపోటు వస్తే వర్తించదు. చీటీలో పెద్ద అక్షరాల్లో 10 లక్షలు, 20 లక్షలు అని కనిపించినప్పుడు 'దేనికి?' అని అడగండి.

ఇంకో సంగతి. కార్డుతో వచ్చే బీమాకు కార్డు వాడి ఉండాలన్న షరతు ఉంటుంది. జన్‌ధన్ రూపే కార్డునే చూడండి. 2018 ఆగస్టు 28 తర్వాత తెరిచిన ఖాతాలకు 2 లక్షలు, అంతకుముందు వాటికి లక్ష ప్రమాద బీమా ఉంది. కానీ ప్రమాదానికి ముందు 90 రోజుల్లో ఆ కార్డును ఒక్కసారైనా వాడి ఉండాలి. మనలో ఎంతమంది కార్డు బీరువాలో పడి ఉందో మీకే తెలుసు. ప్యాకేజీ కార్డుకైనా ఇలాంటి షరతు ఉందేమో చూడకుండా సంతకం పెట్టొద్దు.

మా పక్క ఊళ్లో ఒక కౌలు రైతు పాము కాటుతో పోయాడు. ఆ ఇంట్లో బీమా ఉన్న సంగతి ఎవరికీ తెలియదు. పాస్‌బుక్కులో మే నెలలో 20 రూపాయలు కట్ అయిన వరస చూసి చదువుకున్న బంధువు ఒకాయన పసిగట్టాడు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లారు కాబట్టి అక్కడి కాగితం ఉంది. దాంతోనే పని అయ్యింది. సురక్షా బీమాలో పాము కాటు, చెట్టు మీద నుంచి పడటం లాంటివాటికి ఆసుపత్రి రికార్డు కావాలి. రోడ్డు ప్రమాదాలకు, నీళ్లలో మునిగిపోవడానికి పోలీసులకు ఫిర్యాదు చేసి ఉండాలి. రెండు లక్షలైనా ఇరవై లక్షలైనా, ఇంట్లో వాళ్లకు తెలియని బీమా లేనట్టే.

మే నెలాఖరు మనకు చేతిలో డబ్బు ఆడని కాలం. సరిగ్గా అప్పుడే ఈ 20, 436 రూపాయలు ఖాతాలోంచి కట్ అవ్వాలి, ఎందుకంటే బీమా ఏడాది జూన్ 1న మొదలవుతుంది. ఖాతాలో డబ్బు లేకపోతే బీమా ఆగిపోతుంది. మే 20 కల్లా ఖాతాలో 500 ఉండేలా చూసుకోండి.

అప్పు ఆశ

"ఈ ఖాతా ఉంటే లోన్ తొందరగా వస్తుంది" అని ఎవరైనా నోటితో అంటే, అదే మాట కాగితం మీద రాసిమ్మనండి. పంట రుణానికి దారి కిసాన్ క్రెడిట్ కార్డు. 3 లక్షల వరకు 7 శాతం వడ్డీ. గడువులోపు కడితే 3 శాతం తగ్గి 4 శాతమే పడుతుంది. 3 లక్షల లోపు కేసీసీకి ప్రాసెసింగ్ రుసుము ఉండదు. 2025 జనవరి 1 నుంచి 2 లక్షల దాకా తాకట్టు అడగకూడదు. మరి ప్యాకేజీలో 'రుణ రుసుములో 50 శాతం తగ్గింపు' అని ఉంటే, లేని రుసుములో సగం తగ్గించి ఏం లాభం? అది ఇంటి రుణానికో కారు రుణానికో పనికొస్తుంది. కౌలు చేసే తమ్ముళ్లకు ఒక మాట. మీకు కావాల్సింది పంట సాగుదారు హక్కు పత్రం. ప్రీమియం ఖాతా ఆ పని చేయదు.

ఆసుపత్రి, సినిమా, విమానాశ్రయం

రక్త పరీక్షల మీద రాయితీ, సినిమా టికెట్టు మీద రాయితీ, విమానాశ్రయంలో లాంజ్. రేషన్ కార్డున్న కుటుంబానికి పెద్ద జబ్బులకు ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. మాచర్ల రైతు గన్నవరం వెళ్లి లాంజ్‌లో కాఫీ తాగేది ఎన్నిసార్లు? వాడనిదానికి విలువ సున్నా. ఆ చీటీలో 'విలువ 5,000' అని రాసి ఉన్నా మన కాగితం మీద సున్నానే వేయాలి.

మరి ఎవరికి గిట్టుబాటు?

నేను ప్యాకేజీ ఖాతాలకు వ్యతిరేకిని కాదు. పోస్టల్ బ్యాంకు లెక్కే చూడండి. అక్కడి మామూలు పొదుపు ఖాతాలో నెలకు 10,000 దాకా జమ, 25,000 దాకా విత్‌డ్రా ఉచితం. 2022 జనవరి నుంచి ఆ పైన 0.50 శాతం, కనీసం 25 రూపాయలు, జీఎస్టీ అదనం అని పెట్టారు. కూరగాయలు అమ్మి నెలకు 40,000 జమ చేసే అక్క ఉందనుకోండి. పై 30,000 మీద 150 రూపాయలు, జీఎస్టీతో 177 పడుతుంది. ప్రీమియం ఖాతా మొదటి ఏడాది రుసుము జీఎస్టీతో కలిపి 176. నగదుకు పరిమితి లేదన్నదే ఆ ఖాతాకు పెద్ద ఆకర్షణ కాబట్టి, ఆమెకు ఒక్క నెలలోనే అసలు వచ్చేసినట్టు. అదే ఖాతాను ఏడాదికి ఒకసారి పత్తి డబ్బు వచ్చే రైతు తీసుకుంటే ఆ 176 వృథా. పైగా పేమెంట్స్ బ్యాంకులో రోజు ముగిసేసరికి 2 లక్షలకు మించి ఉంచకూడదు. మిర్చి డబ్బు పెద్దమొత్తంలో వచ్చేవాళ్లకు అది సరిపోదు. రేట్లు మారుతుంటాయి, మీరు వెళ్లిన రోజు రేటు అడిగి వేసుకోండి. లెక్క పద్ధతి మాత్రం ఇదే.

మా గానుగ నూనె, కారం అమ్మకానికి నేను రుసుము కట్టే కరెంట్ ఖాతానే వాడుతున్నాను. రుసుము జీఎస్టీతో 1,770. విడిగా అయితే నగదు జమకు, చెక్కుబుక్కుకు, యూపీఐ చెల్లింపు చెప్పే పెట్టె అద్దెకు దాదాపు 3,000 అయ్యేది. బీమా కోసమో కార్డు కోసమో నేను తీసుకోలేదు. రోజూ వాడే మూడింటి కోసం తీసుకున్నాను. ఏటా మార్చిలో మళ్లీ లెక్కేస్తా. అమ్మకాలు తగ్గిన ఏడాది తీసేస్తా.

ఆధార్ దగ్గర జాగ్రత్త

చివరిగా, డబ్బు కంటే ముఖ్యమైన విషయం. కొత్త ఖాతా తెరిచేటప్పుడు ఒక కాగితంలో 'ప్రభుత్వ రాయితీలు ఈ ఖాతాకే జమ చేయండి' అన్న అంగీకారం ఉంటుంది. చదవకుండా సంతకం పెడితే ఆధార్‌తో వచ్చే డబ్బు ఇకపై ఈ కొత్త ఖాతాకే వెళ్తుంది, ఎందుకంటే ఒక ఆధార్‌కు ఒక్క బ్యాంకే అనుసంధానం ఉంటుంది. చివరగా ఎక్కడ చేయిస్తే అదే లెక్క. పీఎం కిసాన్, అన్నదాత సుఖీభవ, సీసీఐకి అమ్మిన పత్తి డబ్బు, ఇవన్నీ ఆధార్ దారినే వస్తాయి. డబ్బు పడలేదని మీరు పాత పాస్‌బుక్కు పట్టుకుని తిరుగుతుంటారు, అక్కడేమో కొత్త ఖాతాలో రుసుము కట్ అయిపోతుంటుంది. ఆ గడిలో టిక్కు పెట్టాలా వద్దా అన్నది మీ ఇష్టం, కానీ తెలిసి పెట్టండి.

ఇక కౌంటర్ దగ్గర ఈ ఐదు అడగండి. జీఎస్టీతో కలిపి ఏడాదికి మొత్తం ఎంత? రెండో ఏడాది నన్ను అడగకుండానే కట్ అవుతుందా? బీమా దేనికి, ఎవరికి, ఏ షరతు మీద? వద్దనుకుంటే మామూలు ఖాతాగా మార్చడానికి ఏం చేయాలి? ఇవన్నీ కాగితం మీద ఇస్తారా? అడగకుండా డబ్బు కోస్తే ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో సమాధానం రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు, ఫోన్ నంబర్ 14448.

విత్తనం కొనేముందు గుప్పెడు మొలకెత్తించి చూస్తాం కదండీ. ఖాతాకూ అంతే. ఈ రాత్రి మీ పాస్‌బుక్కు తీసి, పోయిన మే నెలలో 20, 436 కట్ అయ్యాయో లేదో చూడండి. కట్ అయి ఉంటే ఆ సంగతి ఇంట్లో వాళ్లకు చెప్పండి. లేకపోతే రేపే బ్యాంకుకు వెళ్లి రాయించుకోండి. ప్యాకేజీ ఖాతా సంగతి ఆ తర్వాత నింపాదిగా ఆలోచించుకోవచ్చు.