శబ్దము శక్తి కాదు

మా కడియం నర్సరీల దారిలో బుల్లెట్టు సైలెన్సరు పీకి, 'పవరు పెరిగింది' అని మురిసిపోవు కుర్రవారిని ఒక్కటి అడుగుచున్నాను: శక్తి పుట్టునది సిలిండరులోనా, పొగగొట్టములోనా?

పాత బుల్లెట్టు 350, 500 బండ్లు రెండింటిలోను పిస్టను నడుచు దూరము 90 మిల్లీమీటర్లే. సిలిండరు వ్యాసము 70 నుండి 84కు పెరిగినందుననే 346 సీసీ 499 అయినది. ఎక్కువ గాలి, ఎక్కువ పెట్రోలు పట్టినది కనుక బలము హెచ్చినది.

గొట్టము ఖాళీచేసి కార్బురేటరు జెట్టు మార్చకున్న, పెట్రోలు పాలు తగ్గి ఇంజను వేడెక్కును. ఉత్త గొడ్డుకు అరుపులెక్కువ!

ఆ మోతకు ఉలిక్కిపడునది ఉయ్యాలలోని పసికందు. మోటారు వాహనాల చట్టమునకు 2019లో జరిగిన సవరణ ప్రకారము అనుమతిలేని ఒక్కొక్క మార్పుకు 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండును. ఆ సొమ్ము కట్టువాడు మాత్రము మొక్కలు మోసిన తండ్రి.