బానెట్ కింద బుస

నల్లజర్ల నుంచి ఓ పాఠకుడు రాశారు. ఇంట్లో ఏడేళ్ళ పెట్రోలు కారుంది. పది రోజులుగా ఇంజన్ స్టార్ట్ చేయగానే బానెట్ కింద పాము బుసకొట్టినట్టు చప్పుడు. మెకానిక్‌కు చూపిస్తే ‘పాత బండి కదండీ, ఆ మాత్రం సౌండొత్తాదండి’ అని పంపేశాడట. ఇంకొకాయన థ్రాటిల్ బాడీ మొత్తం మార్చాలన్నాడు. వచ్చేవారం అమ్మానాన్నల్ని తీసుకుని ద్వారకా తిరుమల వెళ్ళాలి, బయల్దేరొచ్చా అని అడిగారు. చివర్లో ఏదో గుర్తొచ్చినట్టు ఓ ముక్క చేర్చారు... బ్రేక్ తొక్కి పట్టుకుంటే ఆ బుస ఇంకాస్త పెరుగుతోందని.

అసలు ముందు రాయాల్సింది ఆ ముక్కే!

పెట్రోలు ఇంజన్ గాలిని పీల్చుకుంటుంది. యాక్సిలరేటర్ మీద కాలు లేనప్పుడు గాలి వచ్చే దారి దాదాపు మూసుకుపోతుంది కాబట్టి లోపల వాక్యూమ్ ఏర్పడుతుంది. ఆ బలాన్నే ఓ రబ్బరు పైపు ద్వారా బ్రేక్ బూస్టర్‌కు అందిస్తారు. మెల్లగా తొక్కినా బండి ఆగుతోందంటే బూస్టర్ చలవే. దాని లోపలి రబ్బరు పొర చిరిగినా, పైపు పగిలినా బయటి గాలి ఆ సందులోంచి లోపలికి దూసుకుపోతుంది. గాలి బయటికి పోతోందనుకుంటారు చాలామంది. కాదు, లోపలికే. తొక్కిన క్షణంలో సన్నగా ‘ఉస్’మంటే కంగారక్కర్లేదు. తొక్కి పట్టుకున్నంతసేపూ వస్తూ, ఇంజన్ కూడా వణుకుతుంటే అనుమానించాల్సిందే.

పరీక్షకు పైసా ఖర్చు లేదు. ఇంజన్ ఆపి, బ్రేక్ పెడల్‌ని నాలుగైదు సార్లు తొక్కండి. గట్టిపడుతుంది. కాలు అలాగే నొక్కిపెట్టి స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త కిందికి దిగాలి. దిగకుండా రాయిలా ఉండిపోతే బండిని గేటు దాటించొద్దు. మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి. గుండుగొలను నుంచి దేవరపల్లి మీదుగా కొవ్వూరు పోయే నాలుగు వరుసల రోడ్డెక్కాక, ముందున్న లారీ ఆగినప్పుడు తెలుసుకోవాల్సిన సంగతి కాదిది.

బ్రేక్ బాగానే ఉందనుకోండి. అప్పుడిక మిగతా పైపుల్ని వెతకాలి. సన్నపాటి వాక్యూమ్ పైపులు, గాలి ఫిల్టర్ నుంచి వచ్చే లావుపాటి గొట్టం, ఇంటేక్ మానిఫోల్డ్ గాస్కెట్... వీటిల్లో ఎక్కడ చిల్లుపడినా లెక్కలో లేని గాలి లోపలికి చేరుతుంది. ఇంజన్ ఉన్నట్టుండి పైకీ కిందికీ ఊగడం, చెక్ ఇంజన్ లైటు వెలగడం అందుకే. రబ్బరు వేడికి బిరుసెక్కి పగులుతుంది. కోతల రోజుల్లో ధాన్యం పక్కన బండి పెట్టేవాళ్ళకు ఎలుకల బెడద కూడా ఉంటుంది. పదును కత్తితో కోసినట్టుండే గాటు చూస్తే దొంగెవరో తెలిసిపోతుంది.

చప్పుడు ఎక్కణ్ణుంచో తెలియడానికి ఉత్త చెవి చాలదు. బానెట్ కింద అన్నివైపుల నుంచీ వచ్చినట్టే ఉంటుంది. తాపీమేస్త్రీలు వాడే లెవెల్ పైపు మూడడుగుల ముక్క తెచ్చుకోండి. ఒక కొస చెవి దగ్గర పట్టుకుని, రెండో కొసను పైపుల వెంట మెల్లగా జరపండి. చిల్లు దగ్గరకు రాగానే బుస ఒక్కసారిగా పెద్దదవుతుంది. డాక్టరు స్టెతస్కోపు పెట్టినట్టే. ఫ్యాను, బెల్టుల వైపు మాత్రం పైపు గానీ చెయ్యి గానీ పోనివ్వొద్దు. చీర కొంగు, చున్నీ కూడా జాగ్రత్త. పెట్రోలు చల్లి చూసే మెకానిక్కులు కొందరుంటారు. వేడి ఇంజన్ మీద ఆ పని చేయనివ్వకండి. తప్పు ఒక చిన్న రబ్బరు ముక్కదని తేలితే థ్రాటిల్ బాడీ ఖర్చు తప్పినట్టే.

డీజిల్ టర్బో బండ్లలో స్లోలో చప్పుడుండదు. స్పీడు అందుకునేటప్పుడే ‘హుస్స్’మంటూ, పికప్ తగ్గి, నల్లపొగ వస్తే ఇంటర్‌కూలర్ గొట్టం, దాని క్లిప్పులు చూడమనండి. ఇక ఏసీ ఆపాక అర నిమిషం వచ్చే సన్నని బుస జబ్బే కాదు. గ్యాసు సర్దుకుంటోందంతే.

ఇంజన్ ఆపాక కూడా బుస ఆగకపోతే, పైగా టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దగ్గరుంటే, అది ఆవిరి. రేడియేటర్ మూత వంటింట్లో కుక్కర్ మూతలాంటిదే. దానిమీద 0.9 అనో 1.1 అనో అంకె ఉంటుంది. లోపలి ఒత్తిడి లెక్క అది. ఆ ఒత్తిడిలో నీళ్ళు వందకు కాక సుమారు 120 డిగ్రీలకు గానీ మరగవు. మూత తీశారో, అంతా ఒక్కసారిగా పొంగి మొహం మీదికి చిమ్ముతుంది. రిజర్వ్ ట్యాంకుకే మూత ఉన్న కార్లలోనూ అంతే. పిల్లల్ని దూరంగా చెట్టు నీడకు పంపి, కనీసం అరగంట ఆగండి. పై గొట్టం చేతికి చల్లగా తగిలాక, మందపాటి గుడ్డ వేసి కొద్దికొద్దిగా తిప్పండి. కాలిన ఇంజన్ మీద చన్నీళ్ళు గుమ్మరించొద్దు, బీటలు వారే ప్రమాదముంది.

దారిలో గత్యంతరం లేక మంచినీళ్ళు పోస్తే పోశారు గానీ, ఇంటి బోరు నీళ్ళతో ఏళ్ళ తరబడి నెట్టుకురావద్దు. ఉప్పు పేరుకుని సన్నగొట్టాలు మూసుకుపోతాయి. కారుతున్నది ఎక్కడో తేలకపోతే రాత్రి బండి కింద పాత పేపర్లు పరచండి. పొద్దున పచ్చగానో ఎర్రగానో గులాబీ రంగులోనో మరక కనిపిస్తే కూలెంటే. దానికి సరిగ్గా పైన ఏ గొట్టముందో చూడండి. రంగులేని నీటి మరకైతే ముందురోజు వాడిన ఏసీది అయ్యుంటుంది.