ఓపికకూ గడువుంది

సంపాదకులకు,

ఇల్లు అమ్మేవారు రిజిస్ట్రేషన్ జాప్యం చేస్తే ఓపిక పట్టమని గత వారం మీ పత్రికలో రాసిన పెద్దమనిషి ఎప్పుడూ బయానా ఇచ్చినట్టు లేరు. మా కోనసీమలో ముందు ఆషాఢం అడ్డమొస్తుంది, తర్వాత కువైట్‌లో ఉన్న కొడుకు సంతకం. ఆ సంతకం సాకు నిజమే అయినా దారి ఉంది: అక్కడి భారత రాయబార కార్యాలయంలో పవర్ ఆఫ్ అటార్నీ ధ్రువీకరించి పంపాలి. కాగితం ఇక్కడికి చేరిన 3 నెలల్లోగా స్టాంపు సుంకం కట్టాలి.

గడువు దాటాక మొహమాటం దేనికి? మిగతా సొమ్ము సిద్ధంగా ఉందని లాయరు చేత రిజిస్టర్డ్ నోటీసు ఇప్పించాలి. బ్యాంకు పాస్‌బుక్కు దాచుకోవాలి. రేపు కోర్టు అడిగేది అదే. అగ్రిమెంటులో తేదీ రాసుకుంటే, దావా వేయడానికి ఆ తేదీ నుంచి 3 ఏళ్లే. ఈ ముక్క ఆయన రాయనేలేదు.

— ఒక పాఠకుడు, కె.గంగవరం